రాత్రంతా పక్కన ఉండేది మేమే, మమ్మల్నీ ఒక మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో లివింగ్ విల్ మీద, అంటే ఇక బాగుపడే అవకాశం లేకపోతే ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే పత్రం మీద వచ్చిన వ్యాసాన్ని నైట్ డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ చదివాను. టీ చల్లారిపోయింది, మళ్ళీ మొదటి నుంచి చదివాను. లాయరు గారు కోర్టు తీర్పు గురించి వివరంగా చెప్పారు. డాక్టరు గారు వెంటిలేటర్ ఎప్పుడు పెడతారో, ఎప్పుడు తీయాల్సి వస్తుందో చెప్పారు. తండ్రిని ఐసీయూలో పోగొట్టుకున్న ఒకావిడ తన బాధ చెప్పుకుంటే నాకూ కళ్ళు తడిశాయి. కానీ అంత పెద్ద వ్యాసంలో ఒక్క నర్సుతో మాట్లాడిన వాక్యం కూడా లేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు, ఈ విషయం మీద ఎవరు రాసినా ఇలాగే రాస్తారు, ఆస్పత్రుల్లో కూడా ఇలాగే జరుగుతుంది, అందుకే రాయాలనిపించింది. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, వీలైతే కోయకుండా వేయండి.

నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పూర్తిచేసి ఇరవై రెండేళ్ళు. అందులో పద్నాలుగేళ్ళు ఐసీయూలోనే గడిచాయి, కొన్నాళ్ళు హైదరాబాద్‌లో, ఇప్పుడు గుంటూరులో. ఎంతమంది నా చేతుల మీదుగా పోయారో లెక్క పెట్టలేదు, పెట్టాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు, కానీ ఒక పెద్దాయన మాత్రం నన్ను వదలడు.

చాలా ఏళ్ళ కిందటి మాట, ఆస్పత్రి పేరు అనవసరం. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు, పల్నాడు వైపు మిరప వేసే రైతు. చుట్టలు తాగి తాగి ఊపిరితిత్తులు పాడైపోయాయి, దానికి తోడు కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. అంతకుముందు ఏడాదే ఒకసారి వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డాడు. ఆ రాత్రి రెండున్నరకి మాస్క్ పక్కకి జరిపి నన్ను పిలిచాడు. "అమ్మాయ్, మళ్ళీ ఆ గొట్టం పెట్టనీయకండి. నావల్ల కాదు. ఇంటికి పంపించెయ్యండి, వసారాలో మంచం వేస్తే చాలు, మా పిల్ల చూసుకుంటది" అన్నాడు. మత్తులో అన్న మాట కాదు. ఏ ఊరో, ఏ నెలో, కోతకొచ్చిన మిరప ఎన్ని ఎకరాలో అన్నీ సరిగ్గా చెప్పాడు. నేను దుప్పటి సర్ది, "పొద్దున డాక్టరు గారికి చెప్తాలే బాబాయ్" అన్నాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఐదింటికి ఆక్సిజన్ పడిపోయింది. డ్యూటీ డాక్టరు చిన్నపిల్లాడు, ఏం చేస్తాడు, ఫైల్లో ఎక్కడా వద్దని రాసి లేదు, గొట్టం వేశాడు. పట్టుకోవడానికి సాయం చేసింది నేనే. తొమ్మిదింటికి రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గారికి చెప్పాను, ఆయాసంలో ఉన్నప్పుడు అందరూ అలాగే అంటారమ్మా అన్నారు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లో, ఎంతైనా పర్లేదు, అన్నీ చేయండి అన్నాడు. అతన్నీ తప్పుపట్టలేను, తండ్రి ఏమన్నాడో అతనికి ఎవరు చెప్పారు గనక. పదకొండు రోజులు ఉన్నాడు. గొట్టం లాగేసుకుంటున్నాడని చేతులు గాజుగుడ్డతో మంచానికి కట్టాం, ఆ ముడి వేసింది నేను కాకపోయినా విప్పి మళ్ళీ కట్టింది చాలాసార్లు నేనే. నేను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా కళ్ళతో నా వంకే చూసేవాడు. ఆఖరి రోజు మూడుసార్లు గుండె ఆగితే మూడుసార్లూ ఛాతీ నొక్కి గుండెని మళ్ళీ కొట్టించే సీపీఆర్ చేశాం. మూడోసారి నా అరచేతి కింద పక్కటెముక విరిగింది. ఆ శబ్దం బయటికి వినపడదు, చేతికి తెలుస్తుంది.

ఇదంతా కాదు నన్ను ఇప్పటికీ బాధపెట్టేది. నాలుగో రోజో ఐదో రోజో ఆయన కూతురు వరండాలో నా చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, గొట్టం వెయ్యకముందు మా నాయన నీతో ఏమన్నా అన్నాడా?" అని అడిగింది. నేను "డాక్టరు గారిని అడగండమ్మా" అన్నాను.

ఈ మాట మాకు చదువుకునేటప్పుడే అలవాటు చేస్తారు. జ్వరం ఎంత ఉంది అంటే డాక్టరు గారిని అడగండి, రిపోర్టు ఎలా వచ్చింది అంటే డాక్టరు గారిని అడగండి. మందు గురించో రిపోర్టు గురించో అయితే అది న్యాయమే, కాదనను. కానీ మనిషి తన నోటితో నాకు చెప్పిన మాటను నేను దాచుకోవడం న్యాయమా? ఆ రోజు నేను భయపడ్డాను, అంతే. నర్సు ఏదో చెప్పి కుటుంబాన్ని రెచ్చగొట్టిందంటారని భయం, ఉద్యోగం పోతుందని భయం.

డాక్టర్ల మీద నాకు కోపం లేదు, వాళ్ళ పని వాళ్ళది. కానీ పెద్ద డాక్టరు గారు ఒక పేషెంటు దగ్గర ఉండేది రోజుకి పదో పదిహేనో నిమిషాలు, అదీ ఎక్కువ భాగం మానిటర్ వంక, ఫైలు వంక చూస్తూ. మేము ఆరు గంటలో పన్నెండు గంటలో ఆ మంచం పక్కనే ఉంటాం. సక్షన్ చేసేటప్పుడు, అంటే గొట్టంలోంచి కఫం లాగేటప్పుడు, మనిషి ఎంత విలవిల్లాడతాడో, పక్కకి తిప్పేటప్పుడు మూలుగుతాడో లేదో, మనవరాలి గొంతు వింటే గుండె వేగం మారుతుందో లేదో మాకు తెలుస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఏడుస్తాడో లేదో మాకే తెలుస్తుంది. విజిటింగ్ టైమ్‌లో చుట్టాల ముందు నవ్వుతూ చెయ్యి ఊపే మనిషి, వాళ్ళు వెళ్ళగానే గోడ వైపు తిరిగి పడుకోవడం మేమే చూస్తాం. వైద్యం ఇంకా కొనసాగించాలా వద్దా అనే నిర్ణయానికి ఇవన్నీ అక్కర్లేదా? రక్తపరీక్షలకి ఫైల్లో పది పేజీలు ఉంటాయి, దీనికి ఒక్క గడి కూడా ఉండదు.

ఇక మీ వ్యాసం శీర్షిక గురించి ఒక మాట. అందులో 'కారుణ్య మరణం' అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ రెండు మాటలు చూస్తే చదివేవాళ్ళకి ఏమనిపిస్తుంది? ఏదో ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తారని. మన దేశంలో దానికి అనుమతి లేదు, అది నేరం. సుప్రీంకోర్టు ఒప్పుకున్నది వేరు. ఇక బతికే అవకాశం లేదని తేలినప్పుడు, చావును సాగదీయడం తప్ప మరేం చేయని యంత్రాలను మొదలుపెట్టకుండా ఉండటం, లేదా పెట్టినవి తీసేయడం, నొప్పికీ ఆయాసానికీ మాత్రం చివరి నిమిషం దాకా మందు ఇవ్వడం. అక్కడ మనిషిని తీసుకుపోయేది జబ్బే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2018లోనే ఈ మాటలకి అర్థాలు రాసిపెట్టి, ఇలా యంత్రాలు ఆపడానికి 'పాసివ్ యూథనేసియా' అనే మాట వాడొద్దని చెప్పింది. శీర్షికలో ఒక మాట మారితే ఏమవుతుందని మీకనిపించవచ్చు. మీ పేపరు చదివిన కొడుకే రేపు ఐసీయూ బయట నన్ను పట్టుకుని "మా అమ్మని చంపేయమంటారా సిస్టర్" అని అడుగుతాడు. మా జూనియర్ పిల్లల్లో కూడా సగం మందికి ఇదే భయం, వెంటిలేటర్ సెట్టింగ్ తగ్గించమని డాక్టరు చెప్తే ఆ చెయ్యి ఎవరిదవుతుంది, రేపు హత్య కేసు ఎవరి మీద పెడతారు అని.

చట్టం ఏం చెప్తుందో మీ వ్యాసంలోనే ఉంది, మళ్ళీ అంతా చెప్పను. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల ధర్మాసనం గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమే అంది, లివింగ్ విల్ చెల్లుతుంది అంది. అప్పుడు మెజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, అది జరిగే పని కాదు గనక 2023 జనవరి 24న సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ఉంటే చాలు. యంత్రాలు ఆపాలా వద్దా అని చూడటానికి ఆస్పత్రిలో ఒక డాక్టర్ల బోర్డు, దాని మీద రెండో బోర్డు, ఒక్కోటి వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. మంచిదే. మొదటి బోర్డులో చికిత్స చేసే డాక్టరు, కనీసం ఐదేళ్ళ అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు. రెండో దాంట్లో జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరు, ఇంకో ఇద్దరు నిపుణులు. ఆరుగురు. ఆ ఆరుగురిలో ఆ మనిషికి ఒళ్ళు తుడిచినవాళ్ళు గానీ, రాత్రి నీళ్ళు అడిగితే పెదాలు తడిపినవాళ్ళు గానీ ఒక్కరూ లేరు. నర్సుకి ఓటు ఇవ్వమని నేను అడగడం లేదు. బోర్డు కూర్చున్నప్పుడు ఆ మంచానికి డ్యూటీ చేసిన నర్సుని పిలిచి, అమ్మా నువ్వేం చూశావు, ఆయన నీతో ఏమైనా అన్నాడా అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబు రాసుకోమని అడుగుతున్నాను.

నర్సుల మాటకి దేశమంతా విలువ ఇచ్చిన సందర్భం ఒకటుంది, అది మా అరుణ విషయంలో. మా అరుణ అనే అంటాను, నర్సులందరం అలాగే అనుకుంటాం. అరుణా శాన్‌బాగ్, ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సు. 1973 నవంబర్ 27న డ్యూటీ అయిపోయి బట్టలు మార్చుకోవడానికి వెళ్తే, అక్కడ పనిచేసే స్వీపరు కుక్కల గొలుసు మెడకి బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకి రక్తం అందక ఆమె మళ్ళీ మామూలు మనిషి కాలేదు. 2015 మే 18న న్యుమోనియాతో పోయేదాకా అదే ఆస్పత్రిలో ఉంది. ఆ దాదాపు 42 ఏళ్ళూ చూసుకున్నది అక్కడి నర్సులు. ఒక తరం రిటైరైతే తర్వాతి తరం వచ్చి చూసింది. అన్నేళ్ళు మంచం మీద ఉన్న మనిషికి ఒక్క పడక పుండు రాలేదు. పడక పుండు అంటే ఏమిటో, రెండు గంటలకోసారి తిప్పకపోతే నడుము దగ్గర చర్మం ఎలా ఎర్రబడి, నల్లబడి, ఎముక కనపడేదాకా ఎలా పోతుందో చూసినవాళ్ళకి ఆ మాట విలువ తెలుస్తుంది.

జర్నలిస్టు పింకీ విరానీ ఆమెకి ఆహారం ఆపి ప్రశాంతంగా పోనివ్వాలని సుప్రీంకోర్టుకి వెళ్తే, నర్సులు ఒప్పుకోలేదు. 2011 మార్చి 7న కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఇన్నేళ్ళు చూసుకున్న కేఈఎం సిబ్బందిదే అంది. అదే తీర్పులో, హైకోర్టు అనుమతితో చికిత్స ఆపవచ్చని మిగతావాళ్ళకి దారి కూడా చూపించింది. ఆ వార్త చదివిన రోజు నేను నైట్ డ్యూటీలో ఉన్నాను, మేమంతా ఎంత పొంగిపోయామో చెప్పలేను. ఇప్పుడు ఆలోచిస్తే అంత సులువుగా అనిపించడం లేదు. ఆ నర్సుల ప్రేమని శంకించే అర్హత నాకు లేదు, ఎవరికీ లేదు. కానీ ప్రేమతో చూసుకునే చెయ్యి కూడా ఒక్కోసారి వదలలేక పట్టుకుంటుంది. అరుణ ఏమనుకుందో అరుణే చెప్పాలి, చెప్పే స్థితి ఆమెకి లేకుండా చేశారు. కాబట్టి నర్సు ఎప్పుడూ తీసేయమనే వైపే ఉంటుందని గానీ, ఎప్పుడూ ఉంచమనే వైపే ఉంటుందని గానీ అనుకోవద్దు. కోర్టు ఆ రోజు ఒప్పుకున్నది ఒక్కటే, దగ్గరుండి చూసుకున్నవాళ్ళ మాటకి బరువుంటుందని. అరుణకి ఒప్పుకున్నది మా పెద్దాయనకి ఎందుకు ఒప్పుకోరు?

అసలు ఈ బోర్డులూ పత్రాలూ అన్నీ ఎక్కడో పెద్ద ఆస్పత్రుల్లో. మన దగ్గర ఎక్కువగా జరిగేది వేరు, లామా. వైద్యుల సలహాకి విరుద్ధంగా తీసుకెళ్తున్నాం అని రాయించుకుని పంపించేయడం. డబ్బులైపోతాయి, ఆరోగ్యశ్రీ పరిమితి దాటిపోతుంది, ఎకరం అమ్మేసి ఉంటారు, ఇక లాభం లేదని ఎవరో చెవిలో చెప్తారు గానీ కాగితం మీద ఎవరూ రాయరు. కుటుంబం సంతకం పెడుతుంది, నేరమంతా వాళ్ళదే అన్నట్టు. గొట్టంతోనే అంబులెన్స్ ఎక్కిస్తారు, పక్కన ఒక నర్సు గానీ టెక్నీషియన్ గానీ కూర్చుని చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కుతూ వెళ్ళాలి.

నేను అలా నాలుగుసార్లు వెళ్ళాను. ఒకసారి వానాకాలం, అరవై కిలోమీటర్లు, చెయ్యి మార్చి చెయ్యి నొక్కుతూనే ఉన్నాను. ఊరు చేరాక వాళ్ళది అద్దె ఇల్లు, ఓనరు లోపలికి తేవద్దన్నాడు, పోయేలోపు బయటే ఉంచమన్నాడు. ఇంటి ముందు రేకుల కింద నవారు మంచం వేశారు. ఒకరు తులసి తీర్థం పట్టుకుని నిలబడ్డారు. అందరూ నా వంక చూస్తున్నారు. బ్యాగ్ నొక్కడం ఆపాల్సింది నేను, గొట్టం తీయాల్సింది నేను. ఏ డాక్టరూ ఆపమని రాయలేదు, ఫోన్ చేస్తే, తెలిసిందేగా సిస్టర్, ఇంటి దగ్గర తీసేసి వచ్చేయండి అన్నారు. ఆయాసం తెలియకుండా ఇవ్వడానికి నా దగ్గర మార్ఫిన్ లేదు, గొంతులో గురగుర తగ్గించే ఇంజెక్షన్ లేదు. గొట్టం తీశాక పావుగంట ఆ మనిషి పడిన అవస్థని ఆయన భార్య చూసింది, చిన్న మనవడు చూశాడు, నేను చూశాను. తిరుగు ప్రయాణంలో డ్రైవరూ నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అదే పని ఆస్పత్రిలో పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో కూడా చూశాను గనక అడుగుతున్నాను. హైదరాబాద్‌లో ఒక మేడమ్ దగ్గర పనిచేసినప్పుడు, అందరితో కూర్చుని మాట్లాడి, ఫైల్లో రాసి, సంతకాలు అయ్యాక నాకు చెప్పేవారు. గంట ముందే మందు మొదలుపెడతాం. మానిటర్ శబ్దాలు ఆపేస్తాం, స్క్రీన్ కూడా ఆపేస్తాం, లేకపోతే ఇంటివాళ్ళు మనిషి మొహం చూడకుండా అంకెలే చూస్తూ కూర్చుంటారు. చేతుల కట్లు విప్పుతాం. మంచం పక్క కమ్మీ దించితే కూతురు వచ్చి తల దగ్గర కూర్చోగలదు. తడి దూదితో నోరు తుడిచి, పెదాలకి వ్యాజలైన్ రాస్తాం, అమ్మ అయితే జుట్టు దువ్వి జడ వేస్తాం, బొట్టు పెట్టుకునే మనిషైతే బొట్టు పెడతాం. వినపడుతుందేమోనని మాట్లాడుతూనే ఉంటాం. ఇవన్నీ నర్సు చేసే పనులే, వీటికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఒకరికి ఒక నర్సు ఉండాలని నియమం ఉన్నా ఇద్దరినీ ముగ్గురినీ చూస్తున్నాం, పోతున్న మనిషి దగ్గర పావుగంట కూర్చుంటే పక్క మంచం అలారం మోగుతూ ఉంటుంది. ఈ పని అసలు పనే కాదని లెక్కవేసేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు.

అంతర్జాతీయ నర్సుల కౌన్సిల్ 2021లో మార్చిన నీతి నియమావళిలో మా నాలుగు బాధ్యతలు రాసి ఉన్నాయి. ఆరోగ్యం పెంచడం, జబ్బు రాకుండా చూడటం, వస్తే నయం చేయడం, నాలుగోది బాధ తగ్గించి గౌరవంగా కన్నుమూసేలా చూడటం. మొదటి మూడింటికి మాకు ట్రైనింగులు, సర్టిఫికెట్లు ఉన్నాయి. నాలుగోదానికి క్లాసులో ఎంత టైమ్ కేటాయించారో నాకు గుర్తు కూడా లేదు.

మాకూ హద్దులున్నాయి, అవీ చెప్పాలి. ఏ నర్సూ తనంతట తాను వెళ్ళి, మీ నాన్న బతకడు, తీసుకెళ్ళిపోండి అని చెప్పకూడదు. ఒక షిఫ్టులో చూసిన దాన్ని బట్టి జబ్బు ఎటు పోతుందో తేల్చకూడదు. నేనూ పొరబడ్డాను, ఇక అయిపోయిందనుకున్న ఒక అబ్బాయి, పురుగుల మందు తాగిన కేసు, నలభై రోజుల తర్వాత నడుచుకుంటూ వెళ్ళాడు. మా దేవుణ్ణీ మా నమ్మకాన్నీ పేషెంటు మీద రుద్దకూడదు. అలాగే గొట్టం తీసే పని తన మనసుకి ఒప్పదనుకునే నర్సుని బలవంతపెట్టకూడదు, ఆ పూట ఇంకొకరికి డ్యూటీ వేయాలి, ఆ పిల్లని చులకన చేయకూడదు. ఇంటివాళ్ళ మధ్య గొడవలో ఒక పక్షం తీసుకోకూడదు. కానీ పేషెంటు పక్షం తీసుకోకపోతే నేను ఆ మంచం పక్కన ఎందుకున్నట్టు?

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది నోటిమాట ఆర్డరు. రాత్రి వెళ్ళేముందు డాక్టరు గారు దగ్గరికొచ్చి, ఐదో నంబరుకి ఏమన్నా అయితే పెద్దగా ఏం చేయకండి సిస్టర్ అని చెప్పి వెళ్తారు. ఫైల్లో ఏమీ ఉండదు. చేస్తే ఎందుకు చేశావంటారు, చేయకపోతే రేపు చుట్టాలు గొడవ చేసినప్పుడు ఎందుకు చేయలేదంటారు. అందుకని కొన్నిచోట్ల ఏం చేస్తారో మీకు తెలుసా, తెర లాగి పేరుకి సీపీఆర్ చేస్తారు, బయటివాళ్ళకి చేసినట్టు కనపడాలని. పోయిన మనిషిని అలా ముట్టుకోవడం కంటే పాపం లేదనిపిస్తుంది నాకు. గుండె ఆగితే మళ్ళీ కొట్టించే ప్రయత్నం వద్దని ఎలా నిర్ణయించాలో, ఎలా మాట్లాడాలో, ఎలా రాయాలో ఐసీఎంఆర్ 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సీపీఆర్ వద్దంటే మిగతా వైద్యం వద్దని కాదని కూడా అందులో ఉంది. ఆ కాగితం ఎన్ని ఆస్పత్రుల్లో నర్సింగ్ స్టేషన్ దాకా వచ్చింది? నేను చేసిన వాటిలో ఒక్కచోటే చూశాను. రాసి ఇవ్వని ఆర్డరు మేము పాటించం అని నర్సులందరం ఒక్కమాట మీద నిలబడాలని నా కోరిక, కానీ కాంట్రాక్టు మీద పదిహేను వేల జీతానికి చేసే పిల్లని నిలబడమనడానికి నాకు నోరు రాదు, అందుకే ఆస్పత్రులే ఆ నియమం పెట్టాలంటున్నాను.

నాతో పనిచేసిన అమ్మాయి ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడ శిక్షణ తీసుకున్న సీనియర్ నర్సులు సీపీఆర్ వద్దన్న ఫారం మీద సంతకం చేసే వీలు కూడా ఉందని చెప్తే మొదట నమ్మలేదు. అయితే అక్కడా అంతా బాగుందని కాదు. చివరి రోజుల కోసం లివర్‌పూల్ పేరుతో ఒక పద్ధతి పెట్టి, అది చాలాచోట్ల గడులు టిక్కు పెట్టే పనిగా మారి, కుటుంబాలకి చెప్పకుండానే మనుషుల్ని దాంట్లో పెట్టేశారని గొడవై, 2013లో విచారణ జరిగాక దాన్ని తీసేశారు. కాబట్టి ఒక ఫారం తెచ్చి మా చేతిలో పెట్టినంత మాత్రాన అయిపోదు, మాట్లాడటానికి టైమూ నేర్పడానికి మనుషులూ కావాలి.

మన దగ్గరా చేసేవాళ్ళు లేకపోలేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం, విభాగం ఎన్నో ఏళ్ళుగా ఉంది, చివరి దశలో ఉన్నవాళ్ళని ఉంచుకునే స్పర్శ్ హాస్పిస్‌లో ఉచితంగా చూస్తున్నారు, తెలంగాణ జిల్లాల్లో ఆలన వాహనాల్లో నర్సులు ఇంటికే వెళ్ళి పుండ్లు కడిగి, మార్ఫిన్ మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పి వస్తున్నారు. కేరళలో అయితే 2008 నుంచే ప్రభుత్వ విధానం ఉంది, పంచాయతీల్లో ఇల్లిల్లూ తిరిగేది నర్సులే. ఆ అంబులెన్స్ రాత్రి నేను వెళ్ళిన ఊళ్ళో అలాంటి నర్సు ఒక్కరున్నా చాలు, అంత ఘోరం జరిగేది కాదు. మార్ఫిన్ కోసం 2014లో మత్తుమందుల చట్టాన్ని కూడా సడలించారు, అయినా మా చుట్టుపక్కల అడిగితే మందుల షాపువాళ్ళు అనుమానంగా చూస్తారు.

మీ పాఠకులకి ఒకటి చెప్పాలనుంది. ఇంట్లో పెద్దవాళ్ళు బాగున్నప్పుడే, పండక్కి అందరూ కలిసినప్పుడే, గొట్టాల గురించి వాళ్ళేమనుకుంటున్నారో అడగండి, అపశకునం అనుకోకండి. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళెవరైనా లివింగ్ విల్ రాసుకోవచ్చు. రాసుకోకపోయినా కనీసం ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉంటే, అమెరికా నుంచి ఫోన్‌లో ఒక్కడే నిర్ణయించాల్సిన టెన్షన్ ఉండదు. ఐసీయూలో ఉన్నప్పుడు డాక్టరుతో మీటింగ్ పెడితే, ఆ పూట డ్యూటీ నర్సుని కూడా పిలవమని అడగండి. మీరు అడిగితే కాదనలేరు. మేము అడిగితే కాదంటారు. మీరు కూడా, అయ్యా, ఈసారి ఈ విషయం మీద వేసేటప్పుడు ఒక నర్సుకి ఫోన్ చేయండి, నాకే చేయనక్కర్లేదు.

ఆ పెద్దాయన తర్వాత నేను ఒక పని మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. పేషెంటు తన గురించి ఏమన్నా అంటే నర్సింగ్ నోట్స్‌లో టైమ్ వేసి, వాళ్ళ మాటల్లోనే, తెలుగులోనే రాస్తున్నాను. మొన్న ఒకావిడ, ఎనభై రెండేళ్ళు, గుండె జబ్బు, అర్ధరాత్రి దాటాక మాట్లాడింది. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు గారు ఫైలు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు. రెండుసార్లు చదివి, ఇది వీళ్ళబ్బాయికి తెలుసా సిస్టర్ అని అడిగారు. తెలియదన్నాను. అతన్ని లోపలికి పిలిచారు, నన్నూ ఉండమన్నారు. అందులో నేను రాసింది ఇంతే:

"రాత్రి 1.50. పేషెంటు మెలకువగా ఉన్నారు, తేదీ, ఊరు, పిల్లల పేర్లు సరిగ్గా చెప్పారు. 'మిషన్లు పెట్టొద్దమ్మా. ఆయాసం రాకుండా చూడండి చాలు. మా వాణ్ణి ఒకసారి పక్కన కూర్చోమను' అన్నారు."

ఇట్లు,
ఒక సీనియర్ స్టాఫ్ నర్సు, గుంటూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)